పాలు పొంగిన నాటిక

నాలుగు నెలలుగా ఆ ఇంట్లో పాలు ఒక్కసారి కూడా పొంగలేదు.

అంతకుముందు వారానికి రెండుసార్లయినా పొంగేవి. పొద్దున్న ఆరింటికి ఆమె పొయ్యి వెలిగించేది, ఆయన వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని నాటిక చదివేవాడు. తపాలా ఆఫీసులో ఉత్తరాలు విడదీసే ఉద్యోగం ఆయనది. ఏటా ఒక ఆదివారం గ్రంథాలయం మేడమీది హాల్లో అయిదు కొత్త నాటికలు ఆడించడం ఆయన పిచ్చి. ఎవరెవరో రాసి పంపినవన్నీ ముందు ఆమె చెవిన వేసేవాడు. ఆమె వింటూ ఉండిపోయేది, పొయ్యి మీద కూర మాడిపోయేది. "మీ నాటికల మాటేమో గానీ నా గిన్నెల ఉసురు పోసుకుంటున్నారు" అని తోముతూ సణిగేది. ఆయన నవ్వి, కాగితం మీద పెన్సిలుతో ఏదో గీసుకుని, ఆఫీసుకు వెళ్ళిపోయేవాడు. ఆమె చదువు మూడో తరగతిలో ఆగింది. ఆ గీతలేమిటో ఎప్పుడూ అడగలేదు.

ఆయన పోయాక ఆరింటికి పొయ్యి ముందు ఆమె ఒక్కతే నిలబడుతోంది. గిన్నెను తప్ప చూడటానికి ఇంకేమీ లేనివాళ్ళ ఇంట్లో పాలెందుకు పొంగుతాయి?

పోనీ ఆ నిశ్శబ్దమైనా దక్కిందా అంటే అదీ లేదు. నాటికల ఆదివారం ఇంకా తొమ్మిది రోజులుందనగా తెల్లారేసరికి ముగ్గురొచ్చి కూర్చున్నారు. నాటక సంఘం అధ్యక్షుడు మాస్టారు, హాల్లో లైట్లు చూసే కరెంటు మేస్త్రీ, జన్మలో మొదటి నాటిక రాసిన బస్సు కండక్టరమ్మ. నాలుగు నాటికలు ఆయన ఉండగానే ఖాయమయ్యాయి. అయిదోది మాస్టారిదా, కండక్టరమ్మదా అన్నది తేలలేదు. సాయంత్రంలోగా కరపత్రం అచ్చుకు వెళ్ళాలి.

"తేలకపోతే ఈ ఏటికి నాటికలే మానేద్దాం," అన్నాడు మాస్టారు ఉదారంగా. "ఆ సాయంత్రం ఆయనకి సంతాపసభ పెడదాం. ఎనిమిదిమంది మాట్లాడతారు. నేనో గంట మాట్లాడతాను."

ఆమెకు ఒళ్ళు మండింది. ఉపన్యాసమంటే చాలు, చెప్పులు ఎక్కడున్నాయా అని వెతుక్కునే మనిషి ఆయన. ఆయన పేరు చెప్పి ఆయన హాల్లోనే ఉపన్యాసాలా? ఈ ఒక్క ఏడు ఆగితే ఆ నాటికలు మళ్ళీ లేస్తాయా? నలుగురిలో మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. వంటింట్లో గిన్నెలు మాత్రం కొంచెం గట్టిగా మాట్లాడాయి.

"అన్నయ్య మార్కులు ఎక్కడో వేసే ఉంటాడు వదినా," అంటూ మేస్త్రీ బీరువా మీంచి రెండు కట్టలు దించాడు. ఒక కట్ట ఆడిన నాటికలు, ఇంకోటి ఆడనివి. దుమ్ముకు నాలుగు తుమ్ములు తుమ్మి, మొదటి కట్ట విప్పి కళ్ళు చిట్లించాడు. "ఇదేంటి? 'పాలు పొంగాయి' అని రాసుంది."

రెండోదాని మీద 'కూర అడుగంటింది'. మూడోదాని మీద 'అన్నం మాడింది, తను చూసుకోనే లేదు'. రెండో కట్టలో అన్నిటి మీదా ఒకటే మాట, 'ఏమీ మాడలేదు'.

మాస్టారి పాత నాటికలు మూడూ ఆ రెండో కట్టలోనే ఉన్నాయి. మేస్త్రీ అవసరం కన్నా నెమ్మదిగా చదివాడు. "ఏమీ మాడలేదు. ఏమీ మాడలేదు. దీని మీద చూడండి మాస్టారూ, 'వంట తొందరగా అయింది' అన్నాడు."

ఆమె గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. ఇరవై రెండేళ్ళు. నీ చెవి మీదే ఈ నాటికలన్నీ నడుస్తున్నాయి అని ఒక్క మాట చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా ఆ మహానుభావుడికి? తోమి తోమి ఆమె గోళ్ళు అరిగాయి. నిలదీసి పోట్లాడదామంటే మనిషి లేడు.

"ఇంకేం అక్కయ్యా, మీరే వినండి," అంది కండక్టరమ్మ. "నాకు ఎనిమిదింటికి డ్యూటీ."

ముందు మాస్టారు పీట మీద కూర్చున్నాడు. నలభై రెండు పేజీలు. మూడో పేజీలో ఆమె కూరలు తరగడం ముగించింది, పదో పేజీలో తిరగమోత అయింది. మాస్టారి కళ్ళు కాగితం మీద కన్నా కూర మీదే ఎక్కువున్నాయి. ఆమె చెయ్యి కడుక్కోవడానికి అటు తిరగ్గానే చెయ్యి చాచి మంట పెంచాడు.

"మాస్టారూ, ఈ రంగం కూడా నాటికలో ఉందా?" అన్నాడు మేస్త్రీ.

"మంట మరీ సన్నగా ఉంటేనూ..."

"లైట్లు నావి, మంట వదినది. మీరు కాగితం చూసుకోండి."

చివరి పేజీకి కూర దిగింది. ఏమీ మాడలేదు.

నలుగురికీ టీ పెడదామని ఆమె పాలు పొయ్యి మీద పెట్టింది. కండక్టరమ్మ కూర్చోలేదు. బస్సులో నిలబడ్డట్టే ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుని చదివింది. మొగుడూ పెళ్ళాం బస్సెక్కుతారు. సగం దూరం పోయాక ఇంటికి తాళం వేశారా అని పెళ్ళాం అడుగుతుంది.

"'వేశాను.' 'లాగి చూశారా?' 'పదిహేనేళ్ళుగా వేస్తున్నానే తాళం!' 'పదిహేనేళ్ళుగా నేను వెనక్కొచ్చి లాగి చూస్తున్నాను కాబట్టే ఇల్లు మిగిలింది.'"

బస్సులో సగంమంది మొగుడి వైపు, సగంమంది పెళ్ళాం వైపు చేరతారు. వింటున్న ఆమె చేతిలో టీపొడి చెంచా ఉంది. అది చేతిలోనే ఉండిపోయింది.

"లాగి చూసుండడు," అంది తనకు తెలీకుండానే.

"'లాగి చూసుండడు,'" అని చదివింది కండక్టరమ్మ. నాటికలో వెనక సీటు ముసలమ్మ మాట అది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమెకు నవ్వొచ్చింది. నాలుగు నెలల తర్వాత వచ్చిన నవ్వు, ఆపడం చాతకాలేదు. అప్పుడే వెనక చుయ్యిమంది.

ఎవరూ పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. కండక్టరమ్మ చివరి మాట దాకా చదివే ఆగింది. మేస్త్రీ మెల్లగా వెళ్ళి మంట ఆర్పాడు.

మాస్టారు పొయ్యి వంక కాసేపు చూశాడు. తన నలభై రెండు పేజీలకూ దారం చుట్టుకున్నాడు. "పొంగాయి," అన్నాడు. "నా కళ్ళారా చూశాను."

"సంతాపసభ వద్దు మాస్టారూ," అంది ఆమె. "ఆయనకి ఉపన్యాసాలు పడవు. అయిదూ ఆడండి."

ఆయన 'పాలు పొంగాయి' అని రాసిన పాత కాగితం పక్కన పెట్టుకుని ఆమె, అక్షరం అక్షరం చూసుకుంటూ, కండక్టరమ్మ నాటిక మొదటి పేజీ మీద పెన్సిలుతో రాసింది. రెండు మాటలకు చాలాసేపు పట్టింది.

పొయ్యి తుడవడానికి మేస్త్రీ తడిగుడ్డ అందుకున్నాడు.

"ఉండనీ, ముట్టుకోకు."

"ఎండితే పట్టేస్తుంది వదినా. గీకినా పోదు."

"నాటికలయ్యాక గీకుతాలే."

గుడ్డను అతని చేతిలోంచి తీసుకుని తీగ మీద ఆరేసింది. మిగిలిన పాలు నాలుగు గ్లాసులకు సరిపోవు. మూడు గ్లాసుల టీ పెట్టి ముగ్గురికీ ఇచ్చింది. పొయ్యి చుట్టూ పాలు అప్పుడే మీగడ కట్టి, అంచుల్లో ఎర్రబడుతున్నాయి.