సాలు వెంట నడిచిన రోజు

దయ్యాలంటే నాకు భయం కన్నా విసుగు ఎక్కువ. గద్వాలలో మానసిక రోగులకు కౌన్సెలింగ్ చేయడం నా ఉద్యోగం. ఇంట్లో ఎవరో తిరుగుతున్నారని చెప్పేవాళ్లను ముందు నిద్ర సరిగా పడుతోందా అని అడుగుతాను. ఇప్పటికీ అదే అడుగుతాను.

శాంతమ్మది ధరూర్ దగ్గరి పల్లె. వానాకాలంలో ఆమె భర్త జ్వరంతో వారం రోజులు దవాఖానలో ఉండి ఇంటికొచ్చాడు. ఆ రోజు నుంచి అతను తన మొగుడు కాదంటోంది. ముఖం అదే, గొంతు అదే, మనిషి మాత్రం వేరట. ఇది మా పుస్తకాల్లో ఉన్న జబ్బే, మందులూ ఉన్నాయి. కానీ అత్తగారింటి వాళ్లు ఎక్కువ రోజులు ఆగేలా లేరు. యాసంగి పంటగా వేసే పల్లి, అదే వేరుశనగ, పీకేలోపు నయం కాకపోతే ఆమెను తల్లిగారింటికి పంపేసి, ఆరేళ్ల కూతురిని తమ దగ్గరే ఉంచుకుంటామన్నారు.

చికిత్సలో నాకొక పట్టింపు ఉంది. ఫినామినాలజీ అనే తత్వశాస్త్రం నుంచి నేర్చుకున్నది. రోగి చెప్పేది నిజమా, భ్రమా అన్న తీర్పు కాసేపు పక్కన పెట్టి, లోకం ఆ మనిషికి ఎలా తోస్తోందో దగ్గరుండి చూడాలి. మా డాక్టరుగారు దీన్ని నా చాదస్తం అంటారు. ఆ చాదస్తంతోనే, మందులు మొదలైన వారానికి, పల్లి విత్తే రోజు చూసుకుని వాళ్ల చేనుకు వెళ్లాను.

అతను వేరే మనిషని ఎలా తెలిసిందని శాంతమ్మను అడిగాను. వాళ్లు ఇంకా ఎడ్లతోనే పల్లి విత్తుతారు. మొగుడు నాగలి పట్టి ముందు నడుస్తాడు, వెనకాల సాలులో పెళ్లాం గింజలు వేస్తూ పోతుంది. పన్నెండేళ్లు ఆమె అలా అతని వెనకే నడిచింది.

"ముందర మనిషుంటే చెయ్యి దానంతలదే నడుస్తది మేడం. ఇప్పుడు ముందర ఎవ్వరు లేరు," అంది.

సరే, నేనూ నడిచి చూస్తానన్నాను. గింజలు నా కొంగులో పోయించుకున్నాను. పట్టపగలు, పదకొండు గంటలు. గట్టు మీద శాంతమ్మ అత్త, ఆడబిడ్డ నన్ను చూసి నవ్వుతున్నారు. అతను ఎడ్లను అదిలించాడు.

పది అడుగులు కూడా వేయలేదు. ఖాళీ ఇంట్లోకి వెళ్లగానే లోపల ఎవరూ లేరని మనకు తెలిసిపోతుంది కదా, అలా తెలిసింది. చెమటకు తడిసిన చొక్కా కనిపిస్తోంది, ఎడ్లను తిట్టే గొంతు వినిపిస్తోంది. అక్కడ మనిషి లేడు. నా చెయ్యి ఆగిపోయింది. అతను వెనక్కి తిరిగి, అలవాటు లేదా మేడం అని నవ్వాడు. మంచివాడు. అతని ముఖం చూడలేక తల దించుకున్నాను. చాలా భయమేసింది.

ఎండ వల్ల కావచ్చు. ఆమె మాటలు నా మనసుకు పట్టేసి ఉండవచ్చు. తర్వాత ఆఫీసులో అతనితో రెండుసార్లు మాట్లాడాను, ఏ తేడా కనిపించలేదు. సాలు వెంట మాత్రం మళ్లీ నడవలేదు. ధైర్యం చాలలేదు.

ఫైల్లో ఈ సంగతి రాయలేదు. కూతురు దక్కాలంటే శాంతమ్మ అతన్ని మొగుడని ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా నేనే కూర్చోబెట్టి మాట్లాడాను. పల్లి పీకే నాటికి ఒప్పుకుంది. బాగైందని నేనే సంతకం పెట్టాను.

చివరిసారి వచ్చినప్పుడు కూతురిని బయట కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి నెమ్మదిగా అడిగింది.

"మీరు చెప్పినట్లే ఒప్పుకున్న మేడం. మరి మా ఆయన ఏడున్నడో ఎవరు దేవులాడాలె?"

ఆ రోజు చేనులో నాకు తెలిసిందేమిటో ఈనాటికీ నేను చెప్పలేను. ఆమెకు మాత్రం, మందులు ఆపొద్దని చెప్పి పంపాను.