లైన్ల ఆడపిల్లలు ఈతకు దిగిన రోజు

ఈ సంగతి ఇన్నేళ్ళు రాయకపోవడానికి కారణం ఒకటే, నాకు అక్షరాలు వచ్చేవి కావు. చిత్తూరు వైపు మా పల్లెలో ఆడపిల్లను బడికి పంపాలని ఎవరికీ తోచలేదు. పెళ్ళయి బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌కు వస్తే గోడల మీద కన్నడం, తమిళం, ఇంగ్లీషు కనిపించేవి. మా ఇంట్లో మాట్లాడే తెలుగు మాత్రం ఎక్కడా రాసి ఉండేది కాదు. గని మూతపడ్డాక, మా లైన్లో, అంటే గని కార్మికుల ఇళ్ళ వరసలో, ఒక పెద్దావిడ సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పితే, తల నెరిశాక రాయడం వచ్చింది. వచ్చాక మొదట రాయాలనిపించింది ఈ రోజు గురించే.

అప్పటికి గని సర్కారు చేతికి వచ్చి చాలా కాలమైంది. తెల్లదొరలు కట్టుకున్న ఈత కొలను ఎండిపోయి, ఆకులు నిండి పడి ఉండేది. మా అమ్మాయి బడిలోని డ్రిల్లు టీచరమ్మ మున్సిపాలిటీ చుట్టూ తిరిగి తిరిగి దాన్ని బాగు చేయించింది. నీళ్ళు, వాటిలో కలిపే మందు, కాపలా మనిషి మున్సిపాలిటీవి. పిల్లలు, నేర్పే మనిషి బడివి. రోజూ బడి గంటకు ముందు ఆడపిల్లలకు ఈత.

మా ఆయన వద్దన్నాడు. ఆయన పని భూమి లోపల పంపుల దగ్గర. అడుగున ఊరే నీళ్ళను రాత్రంతా పైకి తోడకపోతే గని మునిగిపోతుంది.

"నీళ్ళతో ఆటలా? అది నిమ్మళంగా ఉన్నట్టే ఉంటాది. నా కూతురు దిగేదే లేదు" అన్నాడు.

పిల్ల ఏడవలేదు. నేల మీద బోర్లా పడుకుని చేతులు ఆడించేది. అది చూడలేక, మొదటి రోజు ఊరికే గట్టు మీద నిలబడి చూసి వద్దాం పద అన్నాను.

మేము బయలుదేరుతుండగానే ఇంటి ముందు నుంచి ట్యాంకరు వెళ్ళింది. మా లైన్లలో కొళాయి నీళ్ళు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. వరసలో మనిషి నిలబడలేకపోతే బిందె పెట్టేవాళ్ళం, బిందె లేకపోతే రాయి. ఆ రాయిని ఎవరూ జరిపేవారు కాదు. అలాంటి చోట ట్యాంకరు కనబడితే ఆగుతామా? ఆడవాళ్ళందరం ప్లాస్టిక్ బిందెలు చంకన పెట్టుకుని దాని వెంట పరుగెత్తాం. తీరా అది ఆగింది కొలను దగ్గర.

"పిల్లోళ్ళు దూకేదానికా ఇన్ని నీళ్ళు? మాకు గంజి కాంచుకునేదానికి లేవు గదప్పా!" అని మా పక్కింటి అక్క అక్కడున్న మున్సిపాలిటీ ఆయన మీదికి వెళ్ళింది.

"ఇవి ఈతకమ్మా, మీకు కాదు."

"ఈతకా? మీ ఇంటి ఆడోళ్ళని ఒగ దినము మా కొళాయికాడ నిలబెట్టు. నీళ్ళు లేకుండానే ఈదేది నేర్చుకుంటారు."

అసలే ఆయన ఇంకో చిక్కులో ఉన్నాడు. పిల్లలు పట్టుకుని తేలడానికి చెక్కలు తెస్తానని మాటిచ్చి మరిచిపోయాడు. అవి లేకుండా ఒక్క పిల్లను కూడా దించనని టీచరమ్మ పట్టుబట్టింది. గట్టు మీద డ్రిల్లు బట్టల్లో ఆడపిల్లలు వణుకుతున్నారు. టీచరమ్మ మా వైపు చూసింది. మా చంకల్లోని ఖాళీ బిందెలు చూసింది.

"అక్కా, ఆ బిందె కొంచెం ఇయ్యి."

"తాగే నీళ్ళ బిందెమ్మా ఇది! కాలు తగలకూడదు" అంది పక్కింటి అక్క.

"కాలెందుకు తగుల్తాది? బోర్లించి కడుపుకు కరుచుకుంటారు."

"అట్లయితే ట్యాంకరు మా లైన్లకూ రావల్ల."

టీచరమ్మ మున్సిపాలిటీ ఆయన వైపు తిరిగింది. "ఏం సార్, వచ్చినప్పుడంతా ముందు లైన్లకాడ ఆపి, ఇంగ ఇక్కడికి తెస్తే ఏం పోతాది?"

మా పోరు పడలేక ఆయన సరేనన్నాడు.

మా అమ్మాయి నన్ను చూసింది. నా బిందె దాని చేతికిచ్చాను.

నడుము లోతులో నిలబడి బిందెను కరుచుకుంది. ఒక కాలు లేచింది. తర్వాత రెండోదీ లేచింది. నా బిడ్డ నీళ్ళ మీద పడుకుని ఉంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నీళ్ళను నేను మోశాను, నడుము మీద, తల మీద. నీళ్ళు మనిషిని మోస్తాయని నాకు తెలియదు. ఎండ పడి అడుగున పరిచిన పలకలు కదులుతున్నట్టున్నాయి, వాటి మీద దాని నీడ మెల్లగా జరిగిపోతోంది. పక్కింటి అక్క చేతులు జోడించింది, ఎవరికో తనకే తెలియనట్టు.

తర్వాత నా చెవిలో అంది, "మొగుడికేం జెప్తావే?"

టీచరమ్మ వెళ్ళేవాళ్ళందరికీ గట్టిగా చెప్పింది. "ఇంట్లో నాయన వద్దంటే రేపటినుంచి నేను దించను. చెప్పకుండా మాత్రం పంపొద్దండి."

ఆ పగలంతా ఆయనకు చెప్పే ధైర్యం రాలేదు. మరునాడు పొద్దున, రాత్రి షిఫ్టు దిగే వేళకు పిల్లను తీసుకుని, గనిలోకి దిగే షాఫ్టు గేటు దగ్గర నిలబడ్డాను. నన్ను చూసి ఆయన అదిరిపోయాడు. ఆ గేటు దగ్గరికి ఆడవాళ్ళు వచ్చేది చెడ్డ కబురు విన్నప్పుడే.

"ఏమే, ఏమయింది?"

"ఏమీ కాలేదు. నిన్న పాప నీళ్ళ మీద పండుకునింది. నేనే దించినా. వచ్చి నీ కండ్లతో చూడు. చూసినాక గూడా వద్దంటే, నేనే మాన్పిస్తా."

ఆయన ఏమీ అనకముందే చేతిలోని క్యారియరు అందుకుని, పిల్ల చేయి పట్టుకుని కొలను దారి పట్టాను. వెనక బూట్ల చప్పుడు వినపడేదాకా తిరిగి చూడలేదు.