మెడికల్ బోర్డు ముందు బాపు

డెబ్భై ఒకటి యుద్ధంలో మా బాపు మోకాలిలో ఇనుప ముక్కలు దిగాయి. పట్టాళం నుంచి ఇంటికి పంపేస్తూ పెన్షన్ ఇచ్చారు. అందులో పెద్ద వాటా ఆ మోకాలిదే. కొత్తవాడలో మా వంటిల్లూ నా కాలేజీ చదువూ దాని మీదే నడిచేవి. కొన్నేళ్లకోసారి సికింద్రాబాదు మిలిటరీ దవాఖానలో డాక్టర్ల బోర్డు కాలు చూసి, వైకల్యం ఎంత శాతమో మళ్లీ తేల్చేది. ఇరవై కన్నా తగ్గితే ఆ వాటా ఆగిపోతుంది.

ఆ ఏడు నన్ను తోడు పంపారు. బాపు గడ్డం గీసుకుని, బూట్లు మెరిపించి, మెడల్స్ పెట్టుకున్నాడు. అమ్మకు ఒళ్లు మండింది.

"పెండ్లికి పోతున్నవా? జర కుంటుకుంట పో. నొస్తదని చెప్పు."

"సాబ్ ముంగట కుంటుతరా? నీకేమెర్క పట్టాళం సంగతి!"

"ఎర్కనే. రోజు పొద్దుగాల నిన్ను మంచం మీదికెల్లి లేపేది నేనా, పట్టాళమా?"

బోర్డు గది గుమ్మం దగ్గర బాపు చేతికర్ర నాకిచ్చి లోపలికి నడిచాడు. నడవడం కాదు, కవాతు. తలుపు తెరిచే ఉంది. మడమలు కొట్టి సెల్యూట్ చేశాడు.

"కైసే హో, జవాన్?" అన్నాడు మధ్యలో కూర్చున్న కర్నల్.

"బిల్కుల్ ఠీక్, సాబ్!"

"దర్ద్?" నొప్పి ఉందా అని అడిగాడు.

"నహీ, సాబ్!"

మోకాలు వంచమంటే పూర్తిగా వంచాడు. బిగుసుకున్న ఆయన దవడ బయటి బల్ల మీద కూర్చున్న నాకు కనిపించింది. ఎదురుగా ఉన్న ముగ్గురు డాక్టర్లు మోకాలినే చూస్తున్నారు. లేచి చెబుదామనుకున్నాను. పరాయి మగవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. ఆయన కూతురినే కదా, ఆయన చెప్పనిది నేనెలా చెప్పను?

మెట్లు దిగుతుంటే బాపు వేళ్లు నా భుజంలో దిగబడ్డాయి. రైల్లో మాత్రం మురిసిపోయాడు.

"చూసినవా బిడ్డా, కర్నల్ సాబ్ షాబాష్ అన్నడు!"

తరువాత కాగితం వచ్చింది. ఇరవై లోపే. పెన్షన్‌లో మోకాలి వాటా పోయింది.

"షాబాష్ పెట్టి బియ్యం తెత్తవా?" అంది అమ్మ.

హనుమకొండలో మాజీ సైనికుల ఆఫీసుకు వెళ్లాం. అక్కడి గుమాస్తా అప్పీలు చేసుకోవచ్చన్నాడు. బోర్డు ముందు నొప్పి దాచానని బాపు రాసివ్వాలట. నేను ఇంగ్లీషులో రాసి, తెలుగులో చదివి వినిపించాను.

"సాబ్‌కు అబద్ధం చెప్పిన్నని దస్కత్ పెట్టాల్నా?" అన్నాడు బాపు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ తిట్టింది, ఏడ్చింది, కాళ్లు పట్టుకుంది. అప్పీలు గడువు దాటిపోయింది.

ఇప్పుడు అమ్మ వేరేవాళ్ల మగ్గం మీద జంపఖానాలు నేస్తోంది. కాలేజీ మాని నేను ఆ మగ్గం వాళ్లింట్లోనే నూలు కండెలు చుడుతున్నాను. బాపు మోకాలు పట్టుకుని పొద్దస్తమానం మూలుగుతుంటాడు. మా ముందు మూలగడానికి ఆయనకేం సిగ్గు లేదు. మేం ఆఫీసర్లం కాము కదా.