ఓంకార్ రాసిన కుస్తీ బగ్గులు

కుస్తీ చూసేవాళ్లను చాలామందిని చూశాను గానీ, కుస్తీ కథలో తప్పులు పట్టేవాణ్ణి మా ఓంకార్‌నొక్కణ్ణే చూశాను. పుట్టి పెరిగింది కొండాపూర్. మా గచ్చిబౌలి ఆఫీసులో నా పక్క సీటు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే టెస్టర్. నెలకోసారి ఆదివారం తెల్లవారుజామున అమెరికా కుస్తీ పెద్ద షో లైవ్ వస్తుంది. అతని భాషలో పీపీవీ. మొహం కూడా కడుక్కోకుండా టీవీ ముందు కూర్చుంటాడు. చూసి ఊరుకుంటే బాగుండేది. ఆఫీసులో రాసినట్టే ఆ కథలో తప్పులన్నీ, మా భాషలో బగ్గులన్నీ, ఒక ఫైల్లో రాసుకుంటాడు.

“రిఫరీ పదకొండు నిమిషాలు స్పృహ లేకుండా పడి ఉన్నాడు. డాక్టరు రాలేదు. సివియారిటీ: హై.” “అన్నదమ్ములు పోయిన నెల కుర్చీలతో కొట్టుకున్నారు. ఈ నెల కౌగిలించుకున్నారు. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. సివియారిటీ: మీడియం.”

“అంతా ముందే రాసుకున్న నాటకం కదా ఓంకారూ, నీకెందుకింత బాధ?” అని అడిగాను ఒకసారి.

“నాటకమైతే జర మంచిగ రాయొద్దా అక్కా?” అన్నాడు.

మొన్న ఆదివారం అతని ఆరాధ్యదైవం గ్రానైట్ గస్ ఆఖరి కుస్తీ. ఇరవై ఏళ్లుగా రింగులో ఉన్న మనిషి, నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడి చేతిలో ఓడిపోయాడు. ఆ దుఃఖంలో మావాడు తన ఫైలనుకుని, లాప్‌టాప్‌లో పక్కనే తెరిచి ఉన్న క్లయింట్ బగ్గుల జాబితాలో ఆ కుస్తీ బగ్గు రాసి పడేశాడు.

ఓంకార్ ఇంకా కాంట్రాక్టు మనిషే. పర్మనెంట్ చేసే కాగితం అంతకు ముందు వారమే మా మేనేజర్ ప్రియదర్శిని గారి సంతకానికి వెళ్లింది. సోమవారం మీటింగ్‌లో, క్లయింట్ తరఫున రవికిరణ్ గారు బెంగుళూరు నుంచి లైన్లో ఉండగా, ఆవిడ వరసగా బగ్గులు చదువుతుంటే అది తెర మీదికి వచ్చింది.

“గస్ ఓడిన వెంటనే లైట్లు ఆర్పేశారు. ప్రకటనలు వేశారు. జరగాల్సింది: ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషికి, పోయే ముందు ఒక్కసారి మైకు ఇవ్వాలి. జరిగింది: ఇవ్వలేదు.” అక్కడ ఆవిడ చదవడం ఆపేశారు.

“ఇది మా యాప్‌లో ఎక్కడుందండీ?” అన్నారు రవికిరణ్ గారు.

“నాదే సార్, తప్పయింది. కుస్తీది గిట్ల మీ దాంట్ల పడ్డది,” అన్నాడు ఓంకార్. అబద్ధమాడడం కూడా రాదు మహానుభావుడికి.

“మా పొరపాటండీ, మా జాబితాలోకి మార్చుకుంటాం,” అని ప్రియదర్శిని గారు కాల్ ముగించారు.

మూడు రోజుల కిందట, శుక్రవారం, మా వెంకటరామయ్య గారిని, పంతొమ్మిదేళ్లు పనిచేసిన మనిషిని, ఆవిడే మూడు నిమిషాల వీడియో కాల్‌లో ఉద్యోగం తీసేసి ఇంటికి పంపేశారు. పైవాళ్లు అలాగే చెయ్యమన్నారట. అందరికీ వీడ్కోలు రాద్దామనేలోపే ఆయన మెయిల్ ఆగిపోయింది. ఓంకార్ రాసింది గస్ గురించే, ఒట్టు. మాకు మాత్రం ఆయనే గుర్తొచ్చారు.

ప్రియదర్శిని గారు ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టారు. “వెంకటరామయ్య గారూ, టీమంతా ఇక్కడే ఉన్నాం. మొన్న మిమ్మల్ని మాట్లాడనివ్వలేదు. ఇప్పుడు చెప్పండి సార్.”

అవతల టీవీ చప్పుడు తగ్గించారు.

“శుక్రవారం చాలా చెబుదామనుకున్నానండి,” అన్నారాయన. “ఇప్పుడు ఒక్కటీ గుర్తు రావట్లేదు. ఉంటానమ్మా.”

మా దగ్గర బగ్గును, సరిచేశారని చూసుకుని, రాసినవాడే మూసెయ్యాలి. మేనేజరైనా చెయ్యి పెట్టకూడదు. ఆవిడ ఓంకార్ వైపు తిరిగి, “మాట్లాడమని అడిగాం కదా. ఇక క్లోజ్ చేస్తావా?” అన్నారు.

నేను బల్ల కింద అతని కాలు తొక్కాను. చేసెయ్యి నాయనా, నీ ఉద్యోగం ఆవిడ చేతిలో ఉంది.

ఓంకార్ తల దించుకుని, “ఫిక్స్ కాలే మేడం,” అన్నాడు.

ఆ సాయంత్రం ఆవిడ అతని కాగితం మీద సంతకం పెట్టారు. బగ్గు మాత్రం ఇంకా ఓపెన్‌లోనే ఉంది.