స్లాబు వేయని రోజు

ఇల్లు గీయమంటే ఎవరైనా ముందు గోడలు గీస్తారు. ఆవిడ మెట్లు గీస్తుంది. ఆ ఇంట్లో మోకాళ్ళ నొప్పులు ఎవరికున్నాయో అడిగి, వాళ్ళ అడుగు ఎంత లేస్తుందో కళ్ళారా చూసి, ఆ మెట్ల చుట్టూ మిగతా ఇల్లంతా అల్లుతుంది. అలా ఆవిడకి మెట్లమ్మ అనే పేరు పడిపోయింది. తమాషా ఏమిటంటే, ఆవిడ ఆఫీసు మెట్లు మాత్రం నిచ్చెనకి తోబుట్టువులు. కింద సైకిళ్ళు బాగుచేసే షాపు. పైన ఒకే గది, రెండు బల్లలు. ఒకటి ఆవిడది, ఇంకోటి ఆవిడ దగ్గర డ్రాయింగులు వేసే ముసలాయనది. మూడో మనిషి వస్తే ముసలాయన లేచి కిటికీ గట్టు మీద కూర్చోవాలి.

"అద్దె మెట్లు మనం మార్చలేం కదండీ" అంటుంది, ఎవరైనా ఆయాసపడుతూ పైకొచ్చి దెప్పితే.

ఆవిడ భర్త బళ్ళో లెక్కల మాస్టారు. ఆ బడి మెట్లు అరిగిపోయి పిల్లలు జారిపడుతుంటే, మరమ్మతుకి నమూనాలు పంపమని పోటీ పెట్టారు. మెట్ల పని, పైగా మొగుడి బడి. మెట్లమ్మ మనసుపెట్టి గీసింది. తీరా పట్టుకెళ్తే, ఇరవైమంది ఉద్యోగులున్న ఆఫీసుల నుంచే తీసుకుంటామన్నారు. ఆ సలహా ఇచ్చిందెవరయ్యా అంటే, ఆవిడ ఏటేటా చందా కట్టే ఆర్కిటెక్టుల సంఘమే.

"కంచే చేను మేసిందన్నమాట," అంది అత్తగారు, పప్పుకి తిరగమోత వేస్తూ. "అయినా ఇరవైమందీ కలిసి ఒక్కో మెట్టు కడతారటే?"

మర్నాడే మెట్లమ్మ సంఘం అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళింది. ఆయనది అద్దాల మేడ, లిఫ్టులో వెళ్ళాలి. మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు.

"చిన్నవాళ్ళైనా పెద్దవాళ్ళైనా మనదంతా ఒక కుటుంబం కదమ్మా" అన్నాడు.

"కుటుంబమైతే ఏం వండాలో మమ్మల్నీ అడగాలి కదండీ. మీరు తినేశాక గిన్నెలు చూపిస్తే ఎలా?"

ఆయన నవ్వేశాడు. "పాలకవర్గానికి ఎవరైనా నిలబడొచ్చు. ఎవరొద్దన్నారు? ఏడాదికోసారి సమావేశం పెడితే మీరే రారు."

ఆ మాట ఆవిడకి సూటిగా తగిలింది. నిజం కాబట్టి. సంఘంలో సగానికి పైగా ఇలాంటి చిన్న ఆఫీసులవాళ్ళే. సమావేశం హాల్లో మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎందుకంటే అది ఎప్పుడూ మంచి ఎండల్లో, పనిరోజు మధ్యాహ్నం పెడతారు. సరిగ్గా ఊరంతా స్లాబులు వేసుకునే కాలం. స్లాబు పడేటప్పుడు ఆర్కిటెక్టు దగ్గరుండాలి. కూలీల కాళ్ళ కింద రాడ్లు జరిగిపోతాయి, కాంక్రీటు ఎవరికోసమూ ఆగదు. పెద్ద ఆఫీసుల్లో అయితే 'ఎవరో ఒకర్ని' పంపిస్తారు. చిన్న ఆఫీసులో ఆ ఎవరో ఒకరు తనే. ఓటేమో అక్కడికక్కడ చెయ్యెత్తి వేసేది. రానివాళ్ళకి చెయ్యి లేనట్టే.

లిఫ్టు కిందికి దిగేలోపు ఆవిడ తేల్చేసుకుంది. ఈసారి తను నిలబడుతుంది. సమావేశం రోజు ఊళ్ళో ఏ చిన్న ఆఫీసూ స్లాబు వేయదు.

అనడం తేలికే. పని అయ్యాక సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగింది. వంటింట్లోనే ఆఫీసు పెట్టుకున్న ఒక అమ్మాయి, ఒక చేత్తో చంటిపిల్లని ఎత్తుకుని, "మా మేస్త్రిని ఎవరు ఒప్పిస్తారక్కా? ఆయన మా మామగారి కంటే మొండివాడు" అంది.

"నేను మాట్లాడతాలే. అయినా సరిగ్గా ముందురోజుకి పెట్టుకోకండమ్మా. చెప్పిన రోజున పడిన స్లాబు నేనింతవరకూ చూళ్ళేదు. రెండు మూడు రోజులు ముందే ముగించెయ్యండి."

అందరికీ అదే మాట. చివరికి మిగిలింది అడ్డగోడాయన. ఎవరేమన్నా అడ్డం చెప్పడం ఆయనకి ఊపిరి పీల్చడమంత అలవాటు. ఒంటరిగా పని చేసుకుంటాడు. ఏళ్ళ కిందట ఆవిడ మెట్లు చూసి, "ఇవి మెట్లా, కోడి ఎక్కే నిచ్చెనా?" అన్నాడు, అదీ ఇంటి ఓనరు ముందు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అయినా వెళ్ళింది.

"పిల్లి మెడలో గంట కట్టాలని ఎలుకలు బయల్దేరాయన్నమాట" అన్నాడు తలుపు సగమే తీసి.

"గంట నేను కడతాను. మీరొచ్చి చెయ్యెత్తితే చాలు."

"ఆ సంఘం బాగుపడేది లేదు. నేను రాను."

"సరే. తలుపైనా తీశారు" అని తిరిగొచ్చేసింది.

ఇంతమందికి బుద్ధులు చెప్పిన మనిషి తన దగ్గరికి వచ్చేసరికి ఏం చేసిందీ? రిటైరైన నర్సుగారి ఇంటి స్లాబు సరిగ్గా సమావేశం ముందురోజుకే పెట్టుకుంది. నా మేస్త్రి సంగతి నాకు తెలియదా అన్న ధీమా. ఆ రోజు మిక్సరు మొరాయించి పని ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆపించేద్దామని సైటుకి పరిగెత్తితే, అప్పటికే తెల్లవారుజామున మొదలుపెట్టేసి ఒక మూల కాంక్రీటు పోసేశారు.

"మీరేగదమ్మా తొందర తొందర అన్నారు!" అన్నాడు మేస్త్రి, మెచ్చుకుంటుందనుకుని.

ఇక ఆపడానికి లేదు. సగంలో ఆపితే అతుకు పడి రేపు నర్సుగారి నెత్తిన నీళ్ళు కారతాయి. ఆవిడ నోరు మూసుకుని సెంట్రింగ్ మీదికి ఎక్కింది. మధ్యాహ్నమవుతుంటే వంటింటి ఆఫీసు అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, అందరం వచ్చేశాం. నువ్వెక్కడ?"

"స్లాబు మీద."

"నిలబడేవాళ్ళు హాల్లో ఉండి తీరాలట అక్కా..." అని పెట్టేసింది.

కాసేపటికి కింద స్కూటరు ఆగింది. అడ్డగోడాయన. ఆ అమ్మాయి ఎవరికి ఫోన్ చేసిందో మెట్లమ్మకి అర్థమైంది.

"ఊళ్ళోవాళ్ళ స్లాబులన్నీ ఆపించి నువ్వు వేసుకుంటున్నావా! బాగుంది వరస" అని కింద నుంచే అరిచి, నిచ్చెన ఎక్కి వచ్చాడు. "దిగు. ఇక్కడ నేనుంటా."

తన స్లాబుని ఇంకో ఆర్కిటెక్టు చేతిలో పెట్టడమంటే, ఈ వృత్తిలో పసిబిడ్డని దారినపోయేవాడికి ఇచ్చినట్టే. ఆవిడ కదల్లేదు.

"మీ ఓటు కూడా కావాలండీ మాకు."

"రానని చెప్పానా లేదా? మాట తప్పే రకం కాదు నేను."

ఆవిడకి నవ్వొచ్చింది. ఒకసారి స్లాబు వైపు చూసుకుంది. "మెట్లు కలిసే చోట రాడ్లు..."

"కోడి నిచ్చెనే కదా. దగ్గరుండి చూస్తాలే. వెళ్ళవమ్మా!"

హాల్లోకి అడుగుపెట్టేసరికి అధ్యక్షుడు పోటీలో నిలబడ్డవాళ్ళ పేర్లు చదువుతున్నాడు. ముందు వరుసల నిండా కంపెనీ బస్సుల్లో వచ్చిన కుర్రాళ్ళు. వెనకంతా, గోడల పొడుగునా, తలుపు దాకా నిలబడ్డవాళ్ళు ఆవిడ మనుషులు. కాంక్రీటు ఎండిన బూట్లతోనే వేదిక ఎక్కింది.

"ఏడాది పొడుగునా మనం లేకుండానే మన గురించి మాట్లాడుకున్నారు. ఇవాళ మీరు పనులాపుకుని వచ్చారు. నాకు తెలిసింది మెట్ల పని. ఎక్కలేనివాణ్ణి చూసి మెట్టు కొలవాలి, ఎక్కగలిగేవాణ్ణి చూసి కాదు. అక్కడ కూర్చున్నా అదే చేస్తాను" అంది. అంతకుమించి ఉపన్యాసం ఆవిడ దగ్గర లేదు.

చేతులు లేచాయి. అధ్యక్షుడు ఒకసారి లెక్కపెట్టించి, నమ్మకం కుదరక మళ్ళీ పెట్టించాడు. రెండోసారి ఇంకో రెండు చేతులు పెరిగాయి. అవి ముందు వరుసలోవి.

పొద్దువాలకముందే సైటుకి తిరిగొచ్చింది. అడ్డగోడాయన ప్యాంటు మోకాళ్ళ దాకా సిమెంటు.

"మెట్ల దగ్గర ఒక రాడ్డు జరిపించాను. నీది తప్పు" అన్నాడు.

ఆవిడ వంగి, కాంక్రీటు పైకి తేలి ఉన్న రాడ్ల కొసలు చూసింది. తప్పే. "గెలిచాం" అంది.

"సంఘం మాత్రం బాగుపడదు" అంటూ ఆయన నిచ్చెన దిగిపోయాడు.

పాలకవర్గంలో ఆవిడ మొదట పట్టుబట్టింది సమావేశం రోజు మార్చమని. అది వానాకాలానికి మారింది, ఎవరూ స్లాబులు వేయని రోజులకి. ఆ సమావేశంలోనే బడి మెట్ల నియమం ఎత్తింది. అధ్యక్షుణ్ణి నెలల తరబడి ఒప్పించి, ఇరవైమందిని అయిదుగురికి దింపించి, ప్రతిపాదన చదివి కూర్చుంది. ఎవరికైనా అభ్యంతరమా అని అధ్యక్షుడు అడిగాడు.

వెనక నుంచి, నీళ్ళు కారుతున్న గొడుగుతో, ఒక చెయ్యి లేచింది. అడ్డగోడాయన.

"అభ్యంతరమే! అయిదుగురెందుకు? ఒంటరిగా చేసుకునేవాడేం పాపం చేశాడు? నీ ఆఫీసులో మాత్రం ఉన్నది ఇద్దరే కదమ్మా!"

మెట్లమ్మ లేచి నిలబడింది. రాజీ బేరాల్లో పడి తననే లెక్కలోంచి తీసేసుకుందని అప్పుడు తట్టింది.

"ఆయన చెప్పింది సరైందండీ. మెట్టు ఇంకా ఎత్తుగానే ఉంది. నా ప్రతిపాదన దిద్దుకుంటున్నా," అని, కాగితం మీద అయిదు కొట్టేసి, ఒకటి వేసి, మళ్ళీ మొదటి నుంచి చదివింది.