మా పిన్ని ఎక్కాల్సిన బస్సు

యాభై దాటాక కారు నడపడం నేర్చుకున్న మనిషి మా పిన్ని. "ఈ వయసులో నీకెందుకే ఈ తంటా?" అని మా అమ్మ నెత్తి కొట్టుకుంటే, "నీ మరిదిని నువ్వు తిప్పుతావా మరి?" అని ఒక్క మాటతో నోరు మూయించింది. నేర్చుకున్న కొత్తలో కిటికీలోంచి తల బయటపెట్టి, అడ్డంగా ఉందని కరెంటు స్తంభాన్ని కూడా తిట్టేది. స్తంభం జరగకపోయినా కారు మాత్రం దారికొచ్చింది.

బాబాయి బస్సు కండక్టరు. రిటైరయ్యాక మతిమరుపు జబ్బు పట్టుకుంది. ముందు వస్తువులు మర్చిపోయాడు, తర్వాత దారులు, ఆ తర్వాత కడుపున పుట్టిన పిల్లల పేర్లు. పిన్నిని మాత్రం ఇంకా మర్చిపోలేదు. ఆ ఒక్కటీ ఉంది కదా అని ఆవిడ మిగతావన్నీ దిగమింగుకుంది.

ఒకసారి పిన్ని కూరగాయలు కొంటుంటే ఆయన కారు దిగి ఎటో వెళ్ళిపోయాడు. ఊరంతా గాలిస్తే బస్టాండులో, కదలబోతున్న బస్సు ఎక్కబోతూ దొరికాడు. ఆనాటి నుంచీ పిన్ని దిగే ముందు రోజూ ఒకటే పాఠం. "నేను దిగగానే తలుపు లాక్ చేసుకోండి. నేనొచ్చేదాకా ఎవరడిగినా తియ్యొద్దు." ఏసీ ఆగకుండా ఒక తాళం కారుకే ఉంచి, రెండోది సంచిలో వేసుకుని దిగేది.

ఆ మధ్యాహ్నం నేనూ వాళ్ళతో ఉన్నాను. పిన్నికి కుట్టుపని ఉంది, దారాలు కొనాలి. ఇద్దరం షాపులోకి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి ఇంజను ఆగిపోయి ఉంది. పాత బండి, నిలబెట్టి ఏసీ వేస్తే అప్పుడప్పుడూ అలాగే చేస్తుంది. పిన్ని తాళం కోసం సంచి వెతుక్కుంది. సంచేమో ముందు సీట్లో హాయిగా కూర్చుని ఉంది.

అద్దాలన్నీ మూసి ఉన్నాయి. ఎండ నెత్తిన నిప్పులు పోస్తోంది. వెనక సీట్లో బాబాయి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. పిన్ని అద్దం మీద తట్టింది.

"ఏమండీ, నేనండీ. తలుపు తియ్యండి."

బాబాయి మర్యాదగా చూసి తల అడ్డంగా ఊపాడు. "మా ఆవిడ తియ్యొద్దంది" అన్నాడు లోపల్నుంచి.

"అయ్యో రామా! ఆ ఆవిడ నేనేనండీ!"

"కాదు. ఆవిడ వస్తుంది" అని మొహం అటు తిప్పుకున్నాడు.

పిన్ని చెయ్యి అద్దం మీదే ఉండిపోయింది. ఏదో ఒకరోజు ఇలా జరుగుతుందని డాక్టరు చెప్పనే చెప్పాడు. అది నడిరోడ్డు మీద, ఇలా తలుపుకి అటొకరూ ఇటొకరూ ఉండగా జరుగుతుందని ఎవరనుకుంటారు? నాకు ఏడుపొచ్చింది. షాపాయన మెకానిక్‌కి ఫోన్ చేస్తే, వాడు అరగంటలో వస్తానన్నాడు. అరగంటట! నాకసలే ఓపిక తక్కువ. రాయి వెతికి పట్టుకొచ్చాను.

"పగలగొట్టేద్దాం పిన్నీ. మనిషి ఉడికిపోతున్నాడు."

"ఆగవే నువ్వు! భళ్ళుమంటే గుండాగిపోతుంది ఆయనకి. ఇంక జన్మలో కారెక్కడు. ఒక్కసారి నన్ను చూడనీ. నావల్ల కాకపోతే అప్పుడు కొడుదువుగాని."

మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. దారాల పొట్లం చంకలో ఇరికించుకుని, కారు వెనక్కి బాగా దూరం నడిచింది. అక్కణ్నుంచి ఒక్క పరుగు తీసింది. మోకాళ్ళ నొప్పుల మనిషి! వస్తూనే అరచేత్తో కారు మీద దబదబా బాదింది.

"ఆపండాపండి! కండక్టరు గారూ, ఇంకో మనిషి ఉంది!"

పిన్నికి మతి పోయిందనుకున్నాను. మరుక్షణం గుర్తొచ్చింది. పెళ్ళికాక ముందు ఆవిడ ఒక టైలరు దగ్గర పనిచేసేది. రోజూ ఆలస్యమే. చంకలో బట్టల మూటతో పరిగెత్తుకొచ్చి, కదిలే బస్సుని ఇలాగే బాదేదట. ఆ కండక్టరు రోజూ ఆపేవాడట. "ఆ బస్సు ఆగింది ఆవిడ కోసం కాదు, ఆయన కోసం" అని మా ఇంట్లో ఇప్పటికీ వెక్కిరిస్తారు.

బాబాయి ఉలిక్కిపడ్డాడు. నిటారుగా కూర్చున్నాడు. ఎప్పుడో తిరిగిచ్చేసిన టిక్కెట్ల సంచి కోసం భుజం తడుముకున్నాడు. తర్వాత చకచకా లాక్ పైకి లాగి తలుపు తెరిచాడు.

"ఎక్కండమ్మా, ఎక్కండి! రోజూ మీకోసం బస్సు ఆపాలంటే ఎలా? డ్రైవరు నన్ను తిడుతున్నాడు."

"రేపు పెందలాడే వస్తానండీ" అంది పిన్ని. నవ్వుతోంది, కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎక్కి ఆయన పక్కనే కూర్చుని, నీళ్ళు తాగించి, మెడా మొహం తడిగుడ్డతో తుడిచింది. ఆయన బుద్ధిగా తుడిపించుకున్నాడు.

ఆ పూట కారు నడపడం నా వంతయింది. అద్దాలు దించి ఇంజను స్టార్ట్ చేశాను.

"హోల్డాన్!" అని అరిచాడు బాబాయి. "కదలకు. మా ఆవిడ ఇంకా ఎక్కలేదు."

నాకు వెనక్కి తిరిగి పిన్ని మొహం చూసే ధైర్యం లేక, అద్దంలో చూశాను. ఆవిడ ఆయన చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఎక్కిందండీ. ఎప్పుడో ఎక్కేసింది. మీ పక్కనే కూర్చుంది. రైట్ చెప్పండి."

బాబాయి ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశాడు. గుర్తుపట్టాడో లేదో నాకు తెలియదు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"రైట్, రైట్" అన్నాడు.

నాకు కళ్ళ నిండా నీళ్ళు. ఎదురుగా రోడ్డే కనబడలేదు. బండి కదపకుండా అలాగే కూర్చున్నాను.

"డ్రైవరూ, వినబళ్ళేదా?" అని బాబాయి వెనక నుంచి కసిరాడు. "మా ఆవిడ ఎక్కేసిందయ్యా. పోనీ!"