గమ్ము ఆరేదాకా

నిన్న మీరిద్దరూ కొచ్చి నుంచి ఫోన్లో మీ బోటు చూపించారు కదా, వానకు తడిసి డెక్కు మీద కార్పెట్ అంచులు లేచిపోయాయని, గమ్ము పూసి అరచేతులతో అదుముతూ, "అవ్వా, ఎట్టుండాది మా పని" అని అడిగారు. నేను బాగుందని కూడా అనకుండా ఫోను మీ అమ్మ చేతికిచ్చేశాను. అలిగానేమో అనుకొని ఉంటారు. అలక కాదు. అదే పని మీ ముత్తాత, అంటే మా నాయన, చేస్తుండగా చూసినదాన్ని, అది గుర్తొచ్చింది.

ఇప్పుడు ఉదయగిరిలో ఉంటున్నాను గాని, నేను పుట్టిన ఊరు సోమశిల డ్యాం నీళ్ల కింద ఉంది. నాయన వడ్రంగి. మా ఇంటి ద్వారబంధం తాత చేతి పని. అమ్మ ప్రతి శుక్రవారం దాని గడపకు పసుపు రాసి బొట్లు పెట్టేది, పొరపాటున ఎవరైనా దాని మీద కూర్చుంటే ఆ పూట ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండేది కాదు. ఊరు ఖాళీ చేయమన్నప్పుడు అందరూ వాసాలు, తలుపులు అమ్ముకున్నారు. అమ్మ మాత్రం ఆ ద్వారబంధం వస్తేనే కొత్త ఇంట్లో పొయ్యి వెలిగిస్తానంది.

నాయన దాన్ని గోడలోనుంచి ఊడదీశాడు గాని, కీళ్లు విప్పితే మళ్లీ పాతలాగా కూర్చోవని విప్పలేదు. అప్పటికే ఆత్మకూరు వైపు బండ్ల బాట మునిగింది. మనుషులను, మేకలను దాటించే పుట్టి ఉంది, కానీ ఆ గుండ్రటి బుట్టలో అంత పెద్ద చట్రం ఎలా పడుతుంది? ఇక మిగిలింది ఆఫీసర్లు తిరిగే లాంచీ ఒక్కటే.

ఆ మధ్యాహ్నం లాంచీ మా మిట్ట దగ్గరికి వచ్చి ఆగింది. మర్నాడు ఎవరో పెద్దమనిషి నీళ్లు చూడటానికి వస్తాడట, ఆయన కోసం లాంచీలో పరిచిన ఎర్ర తివాచీ ఊడిపోయి, గాలికి లేచి కాళ్లకు చుట్టుకుంటోంది. లాంచీ నడిపే సాయిబు నాయనను కేకేశాడు. "రా ఆచారీ, ఇది పడుకోమంటే పడుకోకుండా ఉండాది, నువ్వొచ్చి జోకొట్టు."

నాయన మొహమాటపడుతూనే లాంచీలో ఉన్న ఆఫీసరును అడిగాడు. "పనయినాక మా ద్వారబంధం ఒకటి ఉండాది సార్, అవతలి గట్టున దింపితే చాలు."

"ముందు ఇది కానీ, చూద్దాం" అన్నాడు ఆయన. ఆ చూద్దాం అనే మాట మా అమ్మ చెవికి సరే అన్నట్టే వినిపించింది. పరుగున వెళ్లి, దారిలో గీసుకుపోకుండా తన పాత చీర ద్వారబంధానికి చుట్టింది.

నాయన పాత గమ్మంతా ఉలితో గీకి, చెక్కను తుడిచి ఎండనిచ్చి, కొత్త గమ్ము పలచగా పూసి, మధ్యలోనుంచి అంచులకు గాలిని తోసుకుంటూ, మోకాళ్ల మీద వెనక్కి జరుగుతూ అతికించాడు. మా ఇంటి పని కూడా అంత ఓపికగా చేయలేదేమో. ఎక్కడా ముడత లేదు. నడుం పట్టుకొని లేచి, ఏ పని ముగించినా చెప్పే మాటే చెప్పాడు. "రేపు పొద్దుటిదాకా దీని మీద బరువు పెట్టబాకండి సార్, మళ్లా లేస్తాది."

అప్పుడు మేం ద్వారబంధాన్ని మోసుకొచ్చాం. ఆఫీసరు దాన్ని చూసి, తివాచీని చూసి, "బరువు పెట్టొద్దని నువ్వే కదయ్యా చెప్పింది" అన్నాడు. కసిరి కూడా కాదు, మామూలుగానే. సాయిబు తల దించుకున్నాడు. "అంచున నిలబెట్టి నేనే పట్టుకుంటాను సార్, దానికి తగలనీను" అని నాయన అంటూ ఉండగానే లాంచీ కదిలింది.

"ఆరిందని చెప్పుంటే నీ నోరు పడిపోయేదా?" అంది అమ్మ.

మమ్మల్ని పుట్టిలో దాటించి నాయన మర్నాడు తిరిగి వెళ్లేసరికి, ద్వారబంధం ఉంచిన మిట్ట కనిపించలేదు, అంతా నీళ్లే. ఆ నీళ్ల మీదే లాంచీ పెద్దమనిషిని తిప్పుతోందట.

ఊరు పోయినవాళ్లకు ఇచ్చిన కాలనీ ఇంట్లో అమ్మ పొయ్యి వెలిగించింది, పిల్లలు ఆకలంటే ఏం చేస్తుంది? నాయన మాత్రం ఆ తర్వాత ఎవరికి ఏ పని చేసినా, ఎప్పటికి ఆరుతుందని అడిగితే, మీ ఇష్టం అనేవాడు.

ఇప్పుడు కట్టే ఇళ్లకు చాలావాటికి గడపలే పెట్టడం లేదు, తుడుచుకోవడానికి సులువట. సులువే, కాదనను. కాలనీ ఇంటికీ లేదు, లోపలా బయటా ఒకటే సిమెంటు. అమ్మ పోయేదాకా, ఏమీ లేని ఆ చోట కాలెత్తి దాటి లోపలికి వచ్చేది.